గుడ్డు రంగు అడిగారు, మేత అడగలేదు



షాబాన్ నెల చివర్లో జరిగిన సంగతి ఇది. మా గల్లీ చివర ఉండే ఒక ఆపా నా దగ్గర డజను నాటు గుడ్లు తీసుకెళ్లింది. గంట కూడా కాలేదు, అదే డబ్బా పట్టుకుని వాపస్ వచ్చింది. మూత తీసి అరుగు మీద పెట్టింది. పన్నెండింటిలో మూడు దాదాపు తెల్లగా ఉన్నాయి. రెండు మీగడ రంగు. నాలుగు లేత గోధుమ రంగు. ఒకటి గులాబీ ఛాయ. ముదురు గోధుమ రంగువి రెండే.

"ఏం బేటీ, నాటు గుడ్లని చెప్పి ఫారం గుడ్లు కలుపుతవా? రంజాన్ ముంగట ఇదేం పని?" అన్నది.

"లేదు ఆపా, అన్నీ మన ఆంగన్‌లో పెట్టినవే. లోపలికి రండి, ఏ గుడ్డు ఏ కోడిదో చూపిస్త" అన్నాను.

ఆమె లోపలికి రాలేదు. "బజార్ల చూడు. నాటు గుడ్లంటే అన్నీ ఒక్క తీరుగ ఉంటయ్" అని, పైసలు వాపస్ తీసుకుని వెళ్లిపోయింది. పక్కింటి వాళ్లు, ఎదురింటి వాళ్లు వింటూనే ఉన్నారు.

ఆ రాత్రి మా అక్క కొడుకుకి ఈ మాట చెప్తే నవ్వాడు. "ఖాలా, గింత దానికి ఫికర్ ఎందుకు? చాయ్ డికాక్షన్ల ముంచి ఆరబెట్టు. అన్నీ ఒక్క రంగైతయ్. ఎవ్వరూ అడగరు" అన్నాడు. వాడు మజాక్ చేయలేదు. బజారులో కొందరు అదే పని చేస్తారని వాడికి తెలుసు. తెల్ల ఫారం గుడ్డును చాయ్ రంగులో ముంచి నాటు గుడ్డు ధరకు అమ్మిన కథలు పేపర్లలో కూడా వచ్చాయి.

నాకు నిద్ర పట్టలేదు. నా గుడ్లు అస్లీ అని జనం నమ్మాలంటే వాటికి నక్లీ రంగు వేయాలన్నమాట. అంత దాకా వచ్చింది మన కొనుగోలు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆపా మీద గుస్సాతో కాదు. ఆమె లాగే మనలో చాలామంది గుడ్డు రంగు చూసి మోసపోతున్నారు, రంగు చూసే అస్లీ వాళ్ల మీద ఇల్జామ్ కూడా వేస్తున్నారు.

మొదట మా కోళ్ల సంగతి చెప్తాను. పద్నాలుగు పెట్టలు, రెండు పుంజులు. ఏ ఒక్కటీ ఒక నసల్‌ది కాదు. అమ్మీ కాలం నుంచి వస్తున్న నాటు పెట్టలు కొన్ని. కొన్నేళ్ల కింద తెచ్చిన వనరాజా, గ్రామప్రియ పిల్లల సంతానం కొన్ని. ఈ రెండు రకాలనూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు పెరటి పెంపకం కోసమే తయారు చేశారు. గుడ్లు తగ్గాయని ఒక లేయర్ ఫారం వాళ్లు అమ్మేస్తుంటే కొన్న తెల్ల పెట్టలు రెండు ఉండేవి. వాటి పిల్లలు ఇప్పుడు తల్లులయ్యాయి. పెద్ద పుంజులో అసీల్ రక్తం ఉంది, మెడ చూస్తే తెలుస్తుంది. చిన్న పుంజు ఎవరి కొడుకో అమ్మీకే తెలియదు.

ఇన్ని రకాలు కలిసిన చోట గుడ్లు ఒక్క రంగులో ఎలా వస్తాయి?

గుడ్డు పెంకు మొదట తెల్లదే. కోడి కడుపులో గుడ్డు తయారు కావడానికి ఒక రోజు, ఇంకో గంటో రెండు గంటలో పడుతుంది. అందులో ఇరవై గంటల దాకా పెంకు కట్టుకోవడానికే పోతుంది. గోధుమ రంగు గుడ్డు పెట్టే కోడిలో ఆ రంగు ఎక్కువగా చివరి గంటల్లో, పెంకు పైపొర మీద పడుతుంది. గోడకు సున్నం వేసినట్టు. అందుకే గోధుమ రంగు గుడ్డును పగలగొట్టి లోపల చూస్తే పెంకు తెల్లగానే ఉంటుంది. కొన్ని కోళ్లు ఎక్కువ రంగు వేస్తాయి, కొన్ని తక్కువ, కొన్ని అసలే వేయవు. ఇది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే గుణం. దీని వెనక జీన్ ఒక్కటి కాదు, చాలా ఉన్నాయి. అందుకే తెల్ల గుడ్డు పెట్టే తల్లికి, గోధుమ రంగు గుడ్డు నసల్ పుంజుకు పుట్టిన పెట్ట మధ్య రంగు, అంటే మీగడ రంగు గుడ్డు పెట్టవచ్చు. మా డబ్బాలోని ఆ మీగడ గుడ్ల కథ ఇదే.

ఒక కోడి జిందగీ మొత్తం ఒకే రంగు గుడ్డు పెడుతుంది. ఈరోజు తెలుపు, రేపు గోధుమ రంగు అని ఉండదు. కానీ ఛాయ మారుతుంది. కొత్తగా గుడ్లకు వచ్చినప్పుడు ముదురుగా ఉన్న రంగు, వరసగా పెడుతూ పోతే పలచబడుతుంది. ఎండ దెబ్బ తగిలినా, బెదిరినా, వయసు పైబడినా రంగు తగ్గుతుంది. మా ఇంట్లో ముదురు గుడ్లు పెట్టే పెట్ట ఉంది. మొన్న ఎండాకాలంలో దాని గుడ్డు చూసి నేనే వేరే కోడిది అనుకున్నాను.

ఇక నీలి గుడ్లు, పచ్చ గుడ్లు. మా మామూ కూతురు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటుంది. ఇంటి వెనక ఆరు కోళ్లు పెంచుతుంది. వీడియో కాల్‌లో బుట్ట చూపిస్తే అందులో ఆకాశం రంగు గుడ్లు, చింతచిగురు రంగు గుడ్లు. మా పిల్లలు ఫోన్ వదల్లేదు. "బాజీ, ఇవి ఏ నసల్?" అని అడిగితే నవ్వింది. "నసల్ ఏం లేదు, ఇవి కూడా మిలీజులీ కోళ్లే" అంది. అక్కడ వాటిని ఈస్టర్ ఎగ్గర్ అంటారట. ఈస్టర్ పండక్కి క్రైస్తవులు రంగులు వేసే గుడ్ల పేరు మీద వచ్చిన పేరు. నసల్ పేరు కాదు, నీలి గుడ్డు జీన్ ఉన్న కలగలుపు కోళ్లన్నిటికీ అదే పేరు.

నీలి గుడ్డు నసల్‌లలో పేరున్నది అరౌకానా. అది దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు కోడి. చైనాలో కూడా నీలి గుడ్ల నాటు కోళ్లు ఉన్నాయి. ఈ నీలం ఎలా వచ్చిందో 2013లో పరిశోధకులు తేల్చారు. ఎప్పుడో ఒక పాత వైరస్ ముక్క కోడి జీన్‌లలో ఒక చోట చేరి అక్కడే ఉండిపోయింది. దాని వల్ల పిత్తం నుంచి వచ్చే రంగు లాంటిది పెంకులోకి దిగుతుంది. ఈ నీలం పైపూత కాదు, పెంకు మందం అంతా ఉంటుంది. పగలగొడితే లోపల కూడా నీలమే. ఆ నీలం మీద గోధుమ రంగు పూత పడితే పచ్చ గుడ్డు అవుతుంది. అంటే పచ్చ గుడ్డు ఆ రెండు రంగులు కలిస్తే వచ్చే గుడ్డు. సుబ్హానల్లాహ్, చిన్న పెంకులో ఎంత హిక్మత్!

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఫోన్‌లో నీలి గుడ్ల వీడియోలు చూసి, పొదిగించడానికి వేలకు వేలు పెట్టి గుడ్లు తెప్పిస్తున్న వాళ్లు మన దగ్గర ఉన్నారు. నీలం జీన్ ఒక్కటి ఉన్నా గుడ్డు నీలంగానే వస్తుంది. కానీ ఒక్కటే ఉన్న కోడి తన పిల్లల్లో సుమారు సగానికే దాన్ని ఇస్తుంది. పుంజు గుడ్డు పెట్టదు కాబట్టి దానిలో ఆ జీన్ ఉందో లేదో చూసి చెప్పలేం. దూరం నుంచి కొరియర్‌లో ఊగుతూ వచ్చిన గుడ్లు పొదిగించినా సరిగ్గా పిల్లలు కావు. షౌక్ ఉంటే తప్పు లేదు. నీలి గుడ్డులో ఎక్కువ తాకత్ ఉంటుందని చెప్పి అమ్మేవాడి మాట మాత్రం వినకండి.

కడక్‌నాథ్ సంగతి కూడా అంతే. అది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా వైపు కోడి. దాని మాంసానికి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. తోలు, మాంసం, ఎముక దాకా నలుపు. అల్లా దాన్ని అట్లా పుట్టించాడు. కానీ దాని గుడ్డు నల్లగా ఉండదు, లేత గోధుమ రంగులోనో మీగడ రంగులోనో ఉంటుంది. నల్ల గుడ్ల ఫొటో పెట్టి కడక్‌నాథ్ గుడ్లు అమ్ముతున్నారంటే అక్కడ ఫొటో అయినా అబద్ధం, గుడ్డు అయినా అబద్ధం.

మరి ఏ రంగు గుడ్డు మంచిది? నా జవాబు ఒక్కటే. పెంకు రంగును బట్టి లోపలి బలం మారదు. తెల్ల పెంకు, గోధుమ పెంకు, నీలి పెంకు అన్నీ కోడి నసల్ సంగతి చెప్తాయి. గుడ్డు లోపల ఏముందో చెప్పేది మేత. పచ్చ సొన రంగు కూడా మేతదే. ఆకుకూరలు, మక్కలు, పచ్చగడ్డి తిన్న కోడి సొన ముదురు పసుపు, నారింజ వైపు పోతుంది. వట్టి నూకలు తింటే పాలిపోతుంది. అందుకే ఆపా నన్ను రంగు గురించి కాకుండా "నీ కోళ్లు ఏం తింటున్నయ్ బేటీ?" అని అడిగి ఉంటే నేను ఎంత ఖుష్ అయ్యేదాన్నో. జొన్నలు, నూకలు, తవుడు, మా ఇంటి తోటకూర కాడలు, దొడ్లో చెదపురుగులు, దంచిన పాత గుడ్డు పెంకులు. అన్నీ చెప్పేదాన్ని. నా దగ్గర అది ఎవ్వరూ అడగరు.

ఇప్పుడు చాయ్ రంగు దగ్గరికి వద్దాం. నాటు గుడ్డు నక్లీదా అస్లీదా తెలుసుకోవడానికి నిమ్మకాయ రుద్దండి, వెనిగర్‌లో వేయండి అని వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. నమ్మకండి. నిమ్మరసం, వెనిగర్ పెంకునే కరిగిస్తాయి. గోధుమ రంగు పైపొరలో ఉంటుందని చెప్పాను కదా, పెంకు కరిగితే అస్లీ రంగు కూడా పోతుంది. అస్లీ కోడి గుడ్డును నక్లీ అనే పరీక్ష అది. పగలగొట్టి చూసినా లాభం లేదు. అస్లీ గోధుమ గుడ్డు పెంకు లోపల తెల్లన, చాయ్‌లో ముంచిన తెల్ల గుడ్డు లోపల కూడా తెల్లనే. ఉడకబెడితే తెలియదు, తూకంలో తెలియదు. డబ్బా మొత్తం ఒక్క రంగులో, ఒక్క సైజులో ఉంటే కొంచెం అనుమానించవచ్చు. కానీ ఒకే నసల్ కోళ్లను పద్ధతిగా పెంచే ఈమాన్‌దార్ రైతు దగ్గర కూడా గుడ్లు ఒక్క తీరుగానే ఉంటాయి. కాబట్టి అది కూడా పక్కా నిశానీ కాదు.

ఇంట్లో కూర్చుని చేసే పరీక్ష ఏదీ పనికి రాదు. మిగిలింది అమ్మేవాళ్ల జబాన్. ఆ జబాన్ నిజమా కాదా తెలియాలంటే వాళ్ల దొడ్డి చూడాలి. నేను ఆపాను లోపలికి రమ్మన్నది అందుకే.

మన దీన్‌లో ఈ సంగతి ఎంత సాఫ్‌గా ఉందో అందరికీ తెలుసు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. ఆ తడిసిన గింజల్ని జనానికి కనబడేలా పైనే ఎందుకు పెట్టలేదని హుజూర్ అడిగారు, ధోకా చేసేవాడు మా వాడు కాడన్నారు. ఈ హదీస్ మనం జుమా బయాన్‌లో విని, బయటకొచ్చి నాటు గుడ్డు పేరుతో చాయ్ గుడ్డు కొంటున్నాం. అమ్మేవాడిదే గునాహ్ అనుకుంటాం. కొనే మనం "అన్నీ ఒక్క రంగు ఉండాలె" అని జిద్ పట్టడం వల్లనే కదా వాడు రంగు డబ్బా తీశాడు? రంగు ఎవరు అడిగితే వాడు రంగే అమ్ముతాడు.

మా అక్క కొడుక్కి నేను ఇదే చెప్పాను. "బేటా, అది చిన్న గుడ్డే, కానీ హరామ్ రూపాయి చిన్నదైనా హరామే. నేను ముంచను" అన్నాను. వాడు చెప్పిన లెక్క నాకు తెలియక కాదు. మా ఊర్లో తెల్ల గుడ్డు ఏడు రూపాయలైతే నాటు గుడ్డు పదిహేను. రంజాన్‌లో సహరీకి ఖాగీనా చేయని ఇల్లు లేదు, గుడ్లకు గిరాకీ బాగా ఉంటుంది. ఆ నెలలో మా కోళ్లు రోజుకు ఏడెనిమిది పెడితే, కావాలన్న వాళ్లు పదిహేను మంది. వంద ఫారం గుడ్లు తెచ్చి ముంచితే అమ్మీ మందుల ఖర్చు అలవోకగా వచ్చేది. నఫ్స్ ఆ లెక్క నాకు రెండు రాత్రులు చెప్పింది. అబద్ధం ఎందుకు?

కానీ అమ్మీని చూస్తే ధైర్యం రాలేదు. నా స్కూల్ ఫీజు, నా మొదటి సైకిల్, అక్క నిఖా అప్పుడు తెచ్చిన స్టీలు బిందెలు, అన్నీ గుడ్ల పైసలే. అబ్బా జీతం ఇంటి కిరాయికి, బియ్యానికి పోయేది. అమ్మీ చేతిలో ఎవరి ఇజాజత్ లేకుండా ఖర్చు పెట్టుకోగల పైసలు గుడ్లవి మాత్రమే. అందుకే ఆ డబ్బా ఎక్కడ దాస్తుందో మాకు కూడా చెప్పేది కాదు. మన ఇళ్లలో ఎందరు ఆడవాళ్లకు ఇట్లాంటి గుడ్ల డబ్బా ఉందో లెక్క వేయండి. ఆ డబ్బా నిలబడింది గల్లీ వాళ్ల నమ్మకం మీద. నేను చాయ్‌లో ముంచితే నా ఒక్కదాని ఇజ్జత్ పోయి ఊరుకోదు. పది మంది బేవాలు, పది మంది అమ్మీలు అమ్ముకునే గుడ్ల మీద అనుమానం పడుతుంది.

కొందరు నన్ను అడుగుతారు, "ఇంత పరేషానీ ఎందుకు? ఒకే నసల్ కోళ్లు పెంచు, ఒకే రంగు గుడ్లు వస్తాయి కదా" అని. సవాల్ సరైనదే, జవాబు చెప్పాలి. అసీల్, కడక్‌నాథ్ లాంటి నసల్‌లను జాగ్రత్తగా కాపాడే రైతులు ఉండాలి. వాళ్లు లేకపోతే ఆ నసల్‌లు మాయమవుతాయి. వనరాజా, గ్రామప్రియ లాంటివి తయారు చేయడానికి కూడా ముందు శుద్ధమైన నసల్‌లు కావాలి. అది వాళ్ల పని. కానీ నాలుగు గజాల ఆంగన్ ఉన్న ఇంట్లో నాకు కావలసింది వేరు. గద్దను చూసి పరుగెత్తే కోడి కావాలి. ఎండను ఓర్చుకునేది కావాలి. పొదుగుకు కూర్చునే తల్లి కావాలి. గుడ్లూ కావాలి. గ్రామప్రియ గుడ్లు బాగా పెడుతుంది, కానీ పొదుగుకు కూర్చోవడం తక్కువ. అసీల్ పెట్ట తక్కువ గుడ్లు పెడుతుంది, కానీ పిల్లల్ని కాపాడటంలో పులి. నాటు కోడి రెండిటికీ మధ్య. అందుకే మా ఇంట్లో గ్రామప్రియ పెట్టిన గుడ్లను నాటు పెట్ట పొదుగుతుంది.

ఒక మాట కూడా దాచను. కలిసిన కోళ్లతో నష్టాలు ఉన్నాయి. ప్రభుత్వ ఫారం నుంచి తెచ్చిన పిల్ల గుడ్లు పెట్టినట్టు దాని మనవరాళ్లు పెట్టవు. తరం మారేకొద్దీ గుణాలు చెల్లాచెదురవుతాయి. ఒకటి అమ్మమ్మను పోలుతుంది, ఒకటి ఎవరినీ పోలదు. దగ్గర రక్తం కలవకుండా రెండేళ్లకోసారి బయటి పుంజును మార్చాలి. ముస్తైదుగా ఉండాలి. ఎండాకాలం మూడు గుడ్లకు పడిపోయిన రోజులు ఉన్నాయి. ముంగిస ఒక్క రాత్రిలో ఐదు పిల్లల్ని తీసుకుపోయింది, డర్బా తలుపు వేయడం మరిచింది నేనే.

రోగాల సంగతి ఇంకా ముఖ్యం. మిలీజులీ కోడికి రోగం రాదని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. కొక్కెర తెగులు, అంటే ఉత్తరాఖండ్ కొండల్లోని ఊరి పేరుతో రాణిఖేత్ అని పిలిచే ఆ రోగం, నసల్ అడిగి రాదు. మూడు రోజుల్లో దొడ్డి మొత్తం ఖాళీ చేస్తుంది. మొదటి వారంలో కంట్లో, ముక్కులో చుక్కల టీకా, నెల లోపు ఇంకోసారి, రెండు నెలలకు సూది. పశువుల డాక్టర్‌ను అడిగితే రోజులు రాసిస్తారు. టీకా సీసా ఒకటి వంద కోళ్లకు సరిపోతుంది, కలిపిన తర్వాత కొన్ని గంటల్లోనే వాడేయాలి. పది కోళ్ల ఇంటికి అది దండగ అనిపిస్తుంది. అందుకే మా గల్లీలో ఎనిమిది ఇళ్లవాళ్లం పైసలు కలిపి ఒకే పొద్దున వేయిస్తున్నాం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు బయటి నుంచి కోళ్లు తేవడం ఆపేశాం. చచ్చిన కోడిని మోరీలో పడేయకుండా పశువైద్యశాలకు చెప్పాం.

వాటి హక్ కూడా ఉంది మన మీద. నీళ్లు, నీడ, పిల్లి రాని డర్బా. పక్కింటి వాళ్ల హక్ కూడా. వాళ్ల కొత్తిమీర మడి మా కోడి తవ్వితే నేనే వెళ్లి మాఫీ అడుగుతాను, నాలుగు గుడ్లు ఇచ్చి వస్తాను. మోరీల వెంట తిరిగిన కోడిని జిబహ్ చేసే ముందు మూడు రోజులు కట్టేసి శుభ్రమైన మేత పెట్టాలని నానీ చెప్పేది. ఆ ఖాయిదా పాత కాలపు ఫిఖ్ పుస్తకాల నుంచి వచ్చిందని తర్వాత తెలిసింది. మేము ఇప్పటికీ పాటిస్తాం.

చివరగా ఒక మాట. కొంతమందికి చేదుగా ఉంటుంది, మాఫ్ చేయండి.

అసీల్ అనే పేరు అరబీ మాట. మంచి మూలం గలది, అస్లీ నసల్‌ది అని మానీ. ఆ పేరు కోడికి పెట్టుకున్నాం, సరే. కానీ అదే మాటను మనం మన పిల్లల రిష్తాల్లో కూడా వాడుతున్నాం. మొన్న మా బంధువుల అమ్మాయిని చూడటానికి వచ్చినవాళ్లు చదువు అడగలేదు, నమాజ్ అడగలేదు, స్వభావం అడగలేదు. సయ్యదులా, షేకులా, పఠాన్లా, దూదేకులా? ఇంట్లో ఉర్దూ మాట్లాడతారా, తెలుగా? అమ్మాయి తల్లి రంగు తక్కువ, ఈమె ఎందుకింత తెలుపు? ఇవే సవాళ్లు. నేను చాయ్ కప్పులు పట్టుకుని నిలబడి వింటూ, ఆపా తెచ్చిన డబ్బానే గుర్తు చేసుకున్నాను. రంగు అడుగుతున్నారు, మేత అడగటం లేదు.

ఒక ఎడారి మనిషి తన భార్యకు నల్ల బిడ్డ పుట్టాడని అనుమానంతో రసూలుల్లాహ్ దగ్గరికి వచ్చాడు. హుజూర్ అతణ్ని ఒంటెల గురించి అడిగారు. నీ ఒంటెల రంగేమిటన్నారు. ఎర్రవన్నాడు. వాటిలో బూడిద రంగువి ఉన్నాయా అన్నారు. ఉన్నాయన్నాడు. అవి ఎక్కడి నుంచి వచ్చాయన్నారు. ఏదో పాత వేరు లాగి ఉంటుందన్నాడు. నీ బిడ్డను కూడా ఏదో పాత వేరు లాగి ఉంటుందన్నారు. బుఖారీలోనూ ముస్లింలోనూ ఉన్న హదీస్ ఇది. కోళ్లు పెంచేవాళ్లకు ఈ హదీస్ చాలా తొందరగా అర్థమవుతుంది. తెల్ల పెట్ట కింద నల్ల పిల్ల లేస్తే అమ్మీ ఎప్పుడూ అనుమానించలేదు. "దీని నానీని పోలింది" అనేది, గింజలు వేసేది.

తరాల తరాలుగా తెలుగు మట్టిలో పుట్టి, సగం ఉర్దూ సగం తెలుగు మాట్లాడుకునే మన ఇళ్లలో ఎవరి వేరు ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? ఖాందాన్ తెలుసుకోవడం తప్పు కాదు. దాన్ని బట్టి మనిషికి ధర కట్టడం తప్పు. కోడి నసల్ దాని గుడ్డు రంగు చెప్తుంది, ఎన్ని గుడ్లు పెట్టవచ్చో కొంత చెప్తుంది. మనిషి ఖాందాన్ మనిషి ఈమాన్ గురించి ఆ మాత్రం కూడా చెప్పదు.

ఆపా మళ్లీ రాలేదు. ఆమె కోడలు మాత్రం ఈద్ తర్వాత వచ్చింది. లోపలికి వచ్చి డర్బా చూసింది, గంప ఎత్తి పిల్లల్ని చూసింది, తవుడు బస్తాలో చెయ్యి పెట్టి చూసింది. "అన్ని రంగులవీ కలిపి ఇవ్వండి బాజీ" అంది. పన్నెండు లెక్కపెట్టి ఇచ్చాను. తెల్లవి పైనే పెట్టాను, కనబడేలా.

మీ ఇంట్లో కోళ్లు ఉంటే టీకా వేయించండి. గుడ్లు అమ్మితే ఉన్నది ఉన్నట్టు అమ్మండి. కొనేటప్పుడు మేత అడగండి.